రెండు వేళ్ళ ఉప్పు

చెయ్యి ఉప్పు డబ్బాలోకి వెళ్ళి, అయిదు వేళ్ళూ ముడుచుకుని, నిండుగా బయటికొచ్చింది. చిన్న బాణలి మీద ఆ పిడికిలి తెరుచుకున్నాక గానీ తను చేసిందేమిటో ఆయనకు తెలియలేదు. లేత వెల్లుల్లి కాడలు, కొత్త బఠాణీలు, అప్పుడే కొట్టి పోసిన గుడ్డు – అన్నిటి మీదా ఉప్పు తెల్లగా పడి చూస్తుండగానే కరిగిపోయింది. ఆయన గరిటెతో పైపైన తీయబోయాడు. కరిగిన ఉప్పును ఎవరు మాత్రం తీయగలరు?

బస్ డిపో క్యాంటీన్లో ఆయన వంటమనిషి. పెద్ద గుండిగల ముందు నిలబడీ నిలబడీ నడుము కాస్త ముందుకు వంగిపోయింది. ముంజేతుల మీది వెంట్రుకలు పొయ్యి సెగకి ఏనాడో మాడిపోయాయి. డ్రైవర్లూ కండక్టర్లూ ఆయన్ని గుండిగ బాబాయ్ అంటారు. డిపో అంతటికీ వండమంటే కళ్ళు మూసుకుని వండేస్తాడు గానీ, ఇద్దరికి వండమంటే చెయ్యి తడబడుతుంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ముచ్చటపడి ఇంట్లో వండితే, కింది వాటా నుంచి పై వాటా దాకా అందరికీ పంచినా ఇంకా మిగిలింది. ఆ సాయంత్రమే భార్య ఆయన చేతిలోంచి గరిటె లాక్కుంది. "నీ చేతికి నేనొక్కదాన్నీ చాలను. బస్సు నిండా పెళ్ళాలు కావాలి" అని విరగబడి నవ్వింది. అప్పట్నుంచీ ఇంట్లో పొయ్యి ఆవిడది.

ఇప్పుడు ఆవిడ పక్క గదిలో మంచానికి అతుక్కుపోయి ఉంది. చలికాలమంతా జబ్బు ఆవిడను కొంచెం కొంచెంగా తినేసింది. కొన్నాళ్ళుగా ముద్ద గొంతు దిగడం లేదు. డాక్టరు ఆయన్ని వరండాలోకి పిలిచి, "కాస్త తిండి లోపలికి పోనివ్వండి, చూద్దాం" అన్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడో ఏమో, ఈయన మాత్రం ఆ మాటని పట్టుకుని వేలాడుతున్నాడు. తింటే బతుకుతుంది. తినకపోతే ఏమవుతుందన్నది ఆయన తలకెక్కించుకోలేదు.

నిన్న ఆవిడే అడిగింది, "కిటికీలో వెల్లుల్లి ఎదిగిందా?" అని. పగిలిన బక్కెట్లో మట్టి పోసి ఏటా వెల్లుల్లి రెబ్బలు గుచ్చడం ఆవిడ అలవాటు. చలి తగ్గి ఎండ వెచ్చబడ్డాక, ఇంకా గడ్డ కట్టకముందే, కొన్నిటిని కాడలతో సహా పీకి వండుతుంది. మిగిలినవాటికి చోటు దొరికి అవి గడ్డ కడతాయి. "నువ్వే వండు. చిన్న బాణలిలో" అంది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. తెల్లారగానే లేచి పీకాడు, వేర్లు కోశాడు, మట్టి కడిగాడు. అంతా చేసి, చివరికి ఉప్పు దగ్గర బోర్లా పడ్డాడు.

అయినా గిన్నెలో పెట్టుకుని తీసుకెళ్ళాడు. ఆవిడ నాలుక చివర పెట్టుకుని మొహం చిట్లించింది.

"అయిదు వేళ్ళూ పెట్టావు కదూ?"

"అలవాటు..."

"రెండే వేళ్ళు పెట్టాలి. బొటనవేలూ, చూపుడువేలూ. అంతే. సాయంత్రం వచ్చి మళ్ళీ వండు."

ఇంతలో మరదలు వచ్చింది. ఆవిడకు చెల్లెలు, రెండు వీధుల అవతల ఉంటుంది, పగలంతా అక్క దగ్గర కూర్చుంటుంది. ఆయన ఆ గిన్నెను సింకులో బోర్లించి డ్యూటీకి బయల్దేరాడు. దారంతా చేతి వేళ్ళ వంక చూసుకుంటూ నడిచాడు. ఇన్నేళ్ళూ తిండి పెట్టిన చెయ్యి. ఇవాళ దాన్ని చూస్తే ఒళ్ళు మండింది.

డిపో గేటు పక్కన కూరగాయలమ్మి గంపలు పరుచుకుని కూర్చుంది. గంప నిండా లేత వెల్లుల్లి, కాడలు పచ్చగా, మొదళ్ళు తెల్లగా, వేర్లకు ఇంకా తడిమట్టి. చూడగానే ఆయనకు బుర్రలో దీపం వెలిగినట్టయింది. చిన్న బాణలిలో కుదరనిది పెద్ద గుండిగలో ఎందుకు కుదరదు? డిపో అందరికీ ఇదే వండితే? అందులోంచి ఒక్క గిన్నె ఆవిడకి!

"గంప మొత్తం ఇచ్చెయ్. ఆ బఠాణీలు కూడా" అన్నాడు.

"ఏంటి బాబాయ్, ఇంట్లో పెళ్ళా?"

"ఆ, పెళ్ళే" అన్నాడు, అని తనే ఉలిక్కిపడ్డాడు.

ఆ రోజు వండాల్సింది క్యాబేజీ. దాన్ని బస్తాతో సహా మూలకి తోసేశాడు. కొత్త బంగాళాదుంపల్ని గోనెగుడ్డలో వేసి రుద్దితే పల్చటి పొట్టు రాలిపోయి బంగారు రంగు తేలాయి. వెల్లుల్లికి పై పొర ఒలిచి, తెల్లభాగం వేరే, పచ్చకాడ వేరే తరిగాడు. కత్తి చప్పుడు ఆగకుండా సాగింది. నూనె కాగాక ముందు తెల్లభాగం వేశాడు. అది మెత్తబడి తియ్యటి వాసన వచ్చేదాకా మంట పెంచలేదు. ఆ తర్వాత దుంపలు, మునిగీ మునగనట్టు నీళ్ళు, అవి ఉడికాక బఠాణీలు, దించే ముందు పచ్చకాడలు, నిమ్మరసం. ఉప్పుకి చెయ్యి దానంతటదే డబ్బాలోకి వెళ్ళింది, గుప్పెళ్ళతో తీసింది, చల్లింది. రుచి చూశాడు. వంక పెట్టడానికి లేదు. అందరికంటే ముందు క్యారియర్ గిన్నెలోకి ఆవిడ వాటా తీసి మూత బిగించాడు.

"క్యాబేజీ ఏమైంది?" అన్నాడు సూపర్‌వైజరు, గుండిగలోకి తొంగిచూసి.

"రేపు వండుతా సార్."

"ఎవర్నడిగి మార్చావ్? రేపు నీకిష్టమొచ్చింది ఇంకోటి వండుతావ్. ఇదేమన్నా మీ ఇల్లా?"

ఆయన తల వంచుకుని గుండిగలో గరిటె తిప్పాడు. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని భయం. సూపర్‌వైజరు ఇంకో నాలుగు అక్షింతలు వేసి, తనూ ఒక ప్లేటు పెట్టించుకుని వెళ్ళాడు. డ్రైవర్లు మారు మీద మారు అడిగారు. ఒకడు ప్లేటు నాకినంత పని చేసి, "బాబాయ్, ఇవాళ పిన్ని చెయ్యి పడినట్టుందే!" అన్నాడు. ఆయన అటు తిరిగి, కడిగిన గరిటెనే మళ్ళీ కడిగాడు.

మధ్యాహ్నం వడ్డన అవగానే క్యారియర్ పట్టుకుని ఇంటికి పరుగెత్తాడు. మూత బిగించి ఉన్నా దారంతా వెల్లుల్లి వాసన ఆయన వెంట వచ్చింది. తలుపు తీసిన మరదలు తల అడ్డంగా ఊపింది.

"పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా వద్దంటోంది బావా."

ఆయన వినిపించుకోలేదు. మంచం పక్కన కూర్చుని మూత తీశాడు. గది నిండా వాసన కమ్ముకుంది. ఆవిడ కళ్ళు మూసుకునే గాలి పీల్చింది. చెంచాతో కాస్త రసం పెదాలకు తాకిస్తే నాలుకతో అందుకుంది.

"కుదిరింది" అంది.

ఆయన మొహం వెలిగిపోయింది. దుంపముక్క చిదిమి చెంచాలోకి తీస్తుంటే ఆవిడ మళ్ళీ అంది, "ఇది డిపో వంట కదూ?"

"ఎక్కడిదైతేనేం! నోరు తెరువు."

"దిగదయ్యా."

"ఒక్క ముద్ద. నీ కాళ్ళు పట్టుకుంటా. ఒక్కటంటే ఒక్కటి."

"నీళ్ళే దిగట్లేదు. ఇదెక్కడ దిగుతుంది?"

"మరి వండమన్నావెందుకు?" ఆయన అరిచాడు. చెంచా చేతిలోంచి జారి దుప్పటి మీద పడింది. "తిననిదానివి నన్నెందుకు వండమన్నావ్?"

"బావా!" అంది మరదలు గుమ్మంలోంచి.

ఆవిడ చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"నాకోసం వండమన్నాననుకున్నావా?" అంది. "నేను లేకపోతే నువ్వేం తింటావు? గుండిగ నిండా వండి మెట్ల మీద కూర్చుని పంచుతావా?"

"నాకేం అక్కర్లేదు. నువ్వు పోతే నేనూ తిండి మానేస్తా."

"నాకు తెలుసు. అందుకే."

ఆయన మొహం చేతుల్లో దాచుకుని కూర్చుండిపోయాడు. పొద్దున్నుంచీ తనేం మోసుకు తిరిగాడో అప్పటికి అర్థమైంది. ఆ వంట ఆవిడ బతకడానికి కాదు, తను బతకడానికి. అది ఆయనకు అక్కర్లేదు. ఎవడిక్కావాలి ఆ బతుకు? దుప్పటి మీది మరకను మరదలు తడిగుడ్డతో తుడిచింది.

సాయంత్రం ఎండ కిటికీలోకి వచ్చి బక్కెట్టు మీద పడింది.

"ఎన్ని పీకను?" అన్నాడు ఆయన.

"నీకు చాలినన్ని. మిగతావి వదిలెయ్. గడ్డ కడతాయి."

వంటగది తలుపు బార్లా తెరిచి పెట్టాడు, మాట వినిపించాలని. మరదలు అక్క పాదాల దగ్గర కూర్చుంది. చిన్న బాణలి పొయ్యి మీద పెట్టి నూనె వంచాడు.

"ఎక్కువ పోశావు" అంది ఆవిడ పక్క గదిలోంచి. "చప్పుడు తెలుస్తోంది."

కొంచెం తిరిగి సీసాలోకి వంచాడు. తరిగిన తెల్లభాగం వేశాడు.

"మంట?"

"తగ్గించా."

"ఊఁ." కాసేపాగి, "బఠాణీలు గుప్పెడే" అంది. ఆ మాట గాలిలా వచ్చింది.

గుప్పెడే వేశాడు. మూత పెట్టాడు, తీశాడు. బఠాణీ వేళ్ళ మధ్య నలిగింది. పచ్చకాడలు వేసి గుడ్డు కొట్టి కలిపాడు. ఉప్పు డబ్బా ముందుకు లాక్కుని, పొద్దుటి పిడికిలి గుంట పూడేలా కుదిపాడు.

"ఉప్పు వేస్తున్నా" అని గట్టిగా చెప్పాడు.

"రెండు..." అంది ఆవిడ.

బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే ముంచాడు. మిగతా మూడు వేళ్ళూ అరచేతిలోకి బలవంతాన మడిచి పట్టుకున్నాడు. ఆ చిటికెడు వేస్తే అసలు వేసినట్టే అనిపించలేదు. కలిపి, కొంచెం గరిటెలోకి తీసి చల్లార్చి, నోట్లో పెట్టుకున్నాడు.

సరిపోయింది. ఉప్పూ సరిపోయింది, కూరా ఒక్కడికే సరిపోయింది. కుదరకుండా ఉంటే ఎంత బాగుండేది! కుదరకపోతే ఆవిడ రేపు మళ్ళీ చెప్పాలి, ఎల్లుండి మళ్ళీ చెప్పాలి.

"ఏమే, మళ్ళీ ఎక్కువైంది!" అని కేకేశాడు. "ఉప్పు మళ్ళీ ఎక్కువైపోయిందే! అయిదు వేళ్ళూ పెట్టేశా!"

తిట్టు కోసం చెవి రిక్కించి నిలబడ్డాడు. పక్క గదిలోంచి ఏ మాటా రాలేదు. ఇంకా గట్టిగా అరిచాడు. బాణలి అడుగున కాడలు మాడడం మొదలెట్టాయి.

మరదలు మెల్లగా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "బావా" అంది. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వచ్చి పొయ్యి కట్టేసి, ఆయన చేతిలోంచి గరిటె తీసుకుంది.

గట్టు మీద ఉప్పు డబ్బా మూత తీసే ఉంది. చదునుగా ఉన్న ఉప్పులో ఒక పక్కన, రెండు వేళ్ళు దిగిన చిన్న గుంట.