ట్యాంకు నీడలో నాలుగు వేల డేగలు

చక్రవర్తులకు సింహాసనాలుంటాయి, నగర విహంగ వీక్షక మిత్రమండలికి ఒక మడత కుర్చీ ఉంది. పన్నెండంతస్తుల బీమా కార్యాలయం పైకప్పు మీద, నడి ఎండలో వేసే ఆ కుర్చీలో కూర్చునే అధికారం ముప్ఫైనలుగురు సభ్యుల్లో ఒక్కరికే ఉండేది. ఆయన లిఫ్టు మెకానిక్. ఆ భవనంలోని లిఫ్టులకు ఇరవై ఆరేళ్ళుగా ఆయనే వైద్యుడు. పైకప్పు తాళం ఆయన జేబులో ఉండబట్టే మండలికి ఆకాశం దక్కింది గనుక ఆయన్ని గౌరవించక తప్పేది కాదు. ఆయన చూపు నిజంగానే పదునైనది గనుక గౌరవించడం ఎవరికీ పెద్ద కష్టమయ్యేదీ కాదు.

మండలి కార్యకలాపాలు ఋతువులను అనుసరించి నడిచేవి. వేసవిలో సభ్యులు మేడల మీద నీళ్ళ గిన్నెలు పెట్టి, వాటిలో కాకులు తప్ప మరేవీ స్నానం చేయడం లేదని ఒకరికొకరు మొరపెట్టుకునేవారు. వానాకాలంలో హాల్లో కూర్చుని, అట్టముక్కలతో కత్తిరించిన రెక్కల ఆకారాలను చూసి ఏది గద్దో ఏది డేగో తేల్చుకోలేక, వారం పాటు మాటలు మానుకునేవారు. చలికాలంలో చెరువు గట్టున బాతులను లెక్కపెట్టి, జలుబుతో ఇల్లు చేరేవారు. ఇవన్నీ పిల్లకాలువలు. మహానది ఒక్కటే: వానలు వెనకపట్టాక, ఉత్తరాన చలికి జడిసి డేగలు దక్షిణానికి తరలిపోయే ఆ మూడు వారాలు.

ఆ దండయాత్ర తీరు తెలిస్తే గానీ ఇందులోని నేరం అర్థం కాదు. డేగ బరువైన పక్షి. దారి పొడుగునా రెక్కలాడిస్తూ పోవడం దాని హోదాకు తగదు. ఎండకు కాగిన గాలి పైకి లేచే చోటు వెతుక్కుని, అందులో గుండ్రంగా తిరుగుతూ, పైసా కష్టం లేకుండా పైకి పోతుంది. సాక్షాత్తూ లిఫ్టే. పై అంతస్తు చేరాక రెక్కలు చాచి దక్షిణానికి జారుకుంటుంది. అలా తిరిగే గుంపును మండలి భాషలో ‘సుడి’ అంటారు. సుడిలో ఉన్న పక్షిని లెక్కపెట్టకూడదు. సుడి విడిచి జారిన దాన్నే పెట్టాలి. కుర్చీలో ఉన్నవారు “ఒకటి” అనాలి, పక్కనున్నవారు తామూ చూసి “ఉంది” అనాలి, అప్పుడు గానీ టిక్కు నొక్కరాదు. టిక్కు అంటే గుప్పిట్లో ఇమిడే లెక్క యంత్రం. ఒక్క నొక్కుకు ఒక్క అంకె తిరుగుతుంది.

ఈ నియమాలన్నీ పన్నెండేళ్ళ కిందట, మండలి పుట్టిన కొత్తలో, లిఫ్టు మెకానిక్కే స్వహస్తాలతో రాశాడు. చివరిది ఇది: ‘లెక్క తప్పినట్టు తేలినవారు మూడు సీజన్ల పాటు టిక్కు ముట్టరాదు.’ ఆ వాక్యం రాసేటప్పుడు ఆయన మనసులో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. తాను మాత్రం లేడు.

నిరుడు ఒక్క రోజులో ఆయన నాలుగు వేల మూడు వందల పదహారు డేగలను లెక్కపెట్టాడు. అంతకు మునుపు మండలి ఎరిగిన అత్యధిక సంఖ్య ఆరువందల పదకొండు. ఆ నాటి నుంచి 4,316 అన్నది సంఖ్య కాదు, వంశగౌరవం. హాలు గోడ మీద బంగారు రంగులో వెలసింది. అధ్యక్షుడు పళ్ళ డాక్టరు తన క్లినిక్కులో పేషెంట్లు కూర్చునే గది గోడ మీద కూడా రాయించాడు. పన్ను నొప్పితో వచ్చినవారు దాన్ని తమ టోకెన్ నంబరు కాబోలనుకుని బెంబేలెత్తేవారు. ఈ పళ్ళ డాక్టరు మెకానిక్కుకు స్వయానా బావమరిది. ఈ ఏడు ఆయన నల్లరాతి ఫలకం చెక్కించాడు. వచ్చే ఆదివారం పొరుగూరి పక్షుల సంఘం పెద్దల చేత పైకప్పు మీద ఆవిష్కరింపజేయడానికి.

ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందు, బుధవారం మధ్యాహ్నం, లిఫ్టు మెకానిక్ అన్నం తినడానికి నీడ వెతుక్కున్నాడు.

నీడ ఒక్కచోటే ఉంది. ఒక పక్క లిఫ్టు యంత్రం గది గోడ, నెత్తిన నీళ్ళ ట్యాంకు. ఆ రెంటి మధ్య కనిపించే ఆకాశం తలుపు సందంత. నిరుడు రికార్డు నాడు కుర్చీ వేసింది కూడా అక్కడే. జ్వరం తగ్గి మూడు రోజులే కావడంతో, ఎండలో కూర్చుంటే ఊరుకునేది లేదని అప్పుడు భార్య హుకుం జారీ చేసింది. టిఫిన్ డబ్బా తెరిచి ఆయన తల ఎత్తాడు. ట్యాంకు అంచు చాటునుంచి డేగలు వస్తున్నాయి. ఒకదాని వెనక ఒకటి, అన్నీ దక్షిణానికే, తెగని బారుగా. ఒళ్ళు పులకరించింది. వాటిలో ఒకదానికి ఎడమ రెక్కలో ఈక ఊడి, పన్ను రాలిన చోటులా సందు ఉంది.

రెండు ముద్దలు మింగాడు. సందు రెక్క డేగ మళ్ళీ వచ్చింది, అదే అంచు చాటునుంచి.

మూడోసారి వచ్చినప్పుడు కలిపిన ముద్ద డబ్బాలోనే వదిలేశాడు. నాలుగోసారికి డబ్బా కింద పెట్టి ఎండలోకి పరుగెత్తాడు. అక్కడ మొత్తం ఆకాశం కనబడింది. పదిహేడు డేగలు సుడి తిరుగుతున్నాయి. సుడిలో సగం ట్యాంకు చాటున, సగం సందులో. చాటున ఉత్తరానికి తిరిగి పోతున్నవి కనబడవు. దక్షిణానికి వచ్చేవే కనబడతాయి. చిన్న నాటక సమాజంలో ఆరుగురు సైనికులు తెర వెనకనుంచి తిరిగి తిరిగి వచ్చి అక్షౌహిణి అనిపించుకున్నట్టు, పదిహేడు పక్షులు ఆయన కళ్ళ ముందే నాలుగు వేలు కాగల స్తోమత సంపాదించాయి.

నిరుడు పక్కన కూర్చుని “ఉంది, ఉంది” అన్నది బావమరిది. ఆయనా ఆ సందులోంచే చూశాడు.

మెకానిక్ మిగిలిన అన్నం తినలేదు. డబ్బా మూసి, తిన్నగా క్లినిక్కుకు వెళ్ళాడు. లోపల కుర్చీలన్నిటి మీదా ఎక్స్‌రేలు పరిచి ఉండటం వల్ల, పేషెంట్లు పడుకునే కుర్చీలోనే కూర్చోవాల్సి వచ్చింది.

“నోరు తెరువు బావా,” అన్నాడు డాక్టరు.

“నేను పంటికి రాలేదయ్యా. లెక్క గురించి—”

“ఎలాగూ కూర్చున్నావుగా.” అద్దం నోట్లోకి పోయింది. తప్పు ఒప్పుకోవాలని వచ్చినవాడు కాసేపు మాటలు పుక్కిలించాల్సి వచ్చింది.

అద్దం బయటికి రాగానే మెకానిక్ అన్నాడు: “నిరుటి లెక్క తప్పు.”

డాక్టరు ముందు తలుపు మూశాడు. “మెల్లగా! బయట పేషెంట్లున్నారు.”

“వాళ్ళకేం పని డేగలతో?”

“గోడ మీద రాయించానుగా! ... సర్లే, ఎంత తప్పు? పదా, ఇరవయ్యా?”

“నాలుగు వేల చిల్లర. ఎంత మిగులుతుందో కూడా చెప్పలేను.”

మెకానిక్ ట్యాంకు సంగతీ, సందు రెక్క సంగతీ మొత్తం చెప్పాడు. డాక్టరు చేతి తొడుగులు విప్పి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ విప్పాడు.

“రాయి చెక్కేశారు బావా. చెక్కిన రాయి మీద రబ్బరు పనిచెయ్యదు. పొరుగూరి వాళ్ళది మూడు వేల తొమ్మిది వందలు. పన్నెండేళ్ళు మనని చూసి నవ్వారు. ఇప్పుడు వాళ్ళే వచ్చి తెర లాగుతారు. అదంతా పోనీ, నీకేమవుతుందో తెలుసా? మూడు సీజన్లు టిక్కు పోతుంది. నీకు అరవై ఒకటి. నీ మోకాళ్ళనడిగితే డెబ్బై అంటాయి.”

“రూలు నేనే రాశాను.”

“కొట్టేద్దాం. మీటింగు పిలుస్తా.”

“రూలు కొట్టెయ్యడానికి మీటింగు పిలుస్తావు, అంకె కొట్టెయ్యడానికి పిలవవేం?”

“ఆదివారం తర్వాత మాట్లాడుకుందాం,” అన్నాడు డాక్టరు. ఆయన దృష్టిలో చాలా పళ్ళు ఆదివారం తర్వాత వాటంతటవే నెమ్మదించేవి.

ఇంట్లో భార్య ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది. ఆమె మండలి సభ్యురాలు కాదు. సభ్యత్వం పుచ్చుకుంటే తమ్ముడి ఉపన్యాసాలు వినాలని చేరలేదు. ఫ్లాస్కు మోసుకుని పైకప్పు ఎక్కడం మాత్రం పన్నెండేళ్ళుగా మానలేదు. మొగుడు చెప్పింది విని, దుప్పటి రెండో కొస ఆయన చేతికిచ్చింది.

“నేను అప్పుడే అన్నానా లేదా? నాలుగు వేలు పోతే ఆకాశం నల్లబడదా అని?”

“అన్నావు.”

“మీరేమన్నారు?”

“టీ పొయ్యమన్నాను.”

“ఊఁ. గట్టిగా పట్టుకోండి, మడత వంకర పోతోంది.” ఆమె ఒక క్షణం ఆలోచించింది. “పోనీ ఆదివారం లిఫ్టు ఆపెయ్యండి. పొరుగూరాయన పొట్ట చూశాను. పన్నెండంతస్తులు ఎక్కలేడు. ఫలకం అలాగే ముసుగులో ఉంటుంది. ఎవరి పరువూ పోదు.”

అది ఆయన చేతిలో పనే. ఒక్క స్విచ్చు. ఆ రాత్రి భోజనం అయ్యేదాకా ఆ స్విచ్చు ఆయన కళ్ళ ముందు నుంచి కదల్లేదు. చివరికి చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: “లిఫ్టు ఆపితే అబద్ధం ఆగదే. మెట్లెక్కి వస్తుంది. ఆలస్యంగా వస్తుంది, అంతే.”

“టిక్కు పోతుంది మరి.”

“పోతే పోనీ.” గొంతు మాత్రం అంత తేలిగ్గా అనలేదు. ఆమె అది విన్నది, విననట్టు చెంబు బోర్లించింది.

ఆదివారం అతిథులు పదకొండింటికి. మెకానిక్ తొమ్మిదింటికే పైన ఉన్నాడు. ఫలకం అప్పటికే వచ్చి గోడకు ఆనుకుని, పట్టు ముసుగులో కొత్త పెళ్ళికూతురిలా ఉంది. అందులో అధ్యక్షుడి పేరు సంఖ్య కంటే కాస్త పెద్దది. మండలి కార్యదర్శి అయిన లైబ్రరీ మేడమ్ రిజిస్టరు పట్టుకుని నిలబడింది. వక్తలు కొందరు గొంతు సవరించుకుంటున్నారు. డాక్టరు కొత్త కోటులో చెమటోడుస్తున్నాడు.

మెకానిక్ మడత కుర్చీ తెచ్చి ట్యాంకు నీడలో వేశాడు. జేబులోంచి టిక్కు తీసి సున్నాకు తిప్పి, బావమరిది చేతిలో పెట్టాడు.

“కూర్చో. కోటేసుకుని ఎండలో ఏం నిలబడతావు? దక్షిణానికి పోయే ప్రతి డేగకీ ఒక్క నొక్కు నొక్కు.”

“ఇప్పుడెందుకు బావా?”

“అధ్యక్షుడివి. అతిథులొచ్చేలోగా ఒక శాంపిలు లెక్క ఉంటే ఉపన్యాసంలో పనికొస్తుంది.”

ఉపన్యాసం అన్న మాట వినగానే డాక్టరు కూర్చున్నాడు. మెకానిక్ లైబ్రరీ మేడమ్‌ను బయట ఎండలోకి తీసుకెళ్ళి, పైన ఏమేం ఉన్నాయో కళ్ళారా చూసి రాసుకోమన్నాడు.

“నోటి మాట చాలదండీ,” అందామె. “ఎన్ని గంటలకో కూడా రాస్తాను.”

తొమ్మిదీ నలభైకి గాలి కాగింది, సుడి లేచింది. నీడలో టిక్కు చప్పుడు మొదలైంది. మొదట ఆచితూచి, తర్వాత రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు. డాక్టరు ముఖం వెలిగిపోయింది. “వస్తున్నాయి బావా! నిరుడు లాగానే! చూడు, చూడు, ఆగట్లేదు!” పావుగంటలో నూట నలభై మూడు.

“మేడమ్, మీదెంత?” అని అడిగాడు మెకానిక్.

“సుడిలో పదకొండు. జారినవి సున్నా. ఒక్కటీ ఇంకా బయల్దేరలేదు సార్.”

టిక్కు ఆగింది. డాక్టరు లేచి ఎండలోకి వచ్చి, చేయి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. పదకొండు డేగలు, తొందరేమీ లేకుండా, ట్యాంకు మీదుగా తిరుగుతున్నాయి. ఆయన చాలాసేపు చూశాడు. గొంతు సవరించుకుంటున్న వక్తలు సవరణ మానేశారు.

“బయట ఎవరికీ తెలీదు బావా,” అన్నాడు చివరికి, చాలా చిన్నగా. “ఇక్కడున్న మనం తప్ప.”

“నాకు తెలుసు. రేపట్నుంచి ఆ కుర్చీలో కూర్చుని నేను ‘ఒకటి’ అంటే, ఆ ఒకటిని నేనే నమ్మను. నమ్మని అంకెని నొక్కేకంటే టిక్కు లేకుండా కూర్చోడం మేలు. నువ్వు చెప్తావా, వాళ్ళొచ్చాక నన్ను చెప్పమంటావా?”

మెట్ల దగ్గర ఫ్లాస్కు మూత తీస్తున్న మెకానిక్ భార్య అప్పుడు నోరు విప్పింది. “ఒరేయ్ తమ్ముడూ, పుచ్చిన పన్నుకి బంగారు తొడుగేసి పంపించేస్తావా నువ్వు? అలాంటి డాక్టరువని నాకు తెలీదే. నా పన్ను ఇంకోచోట చూపించుకుంటాను.”

నవ్వు ఎవరి నోట మొదలైందో గానీ, డాక్టరు మెడలో టై వదులు చేసుకున్నాడు. వృత్తిధర్మం మేల్కొంది. అధ్యక్షుడు ఓడిపోయిన చోట పళ్ళ డాక్టరు గెలిచాడు.

“పీకెయ్యండి,” అన్నాడు.

అతిథులు లిఫ్టులో సుఖంగా వచ్చారు. వారికి ముసుగూ కనిపించలేదు, తాడూ కనిపించలేదు. డాక్టరు ముందుకొచ్చి, రాసుకొచ్చిన నాలుగు పేజీల్ని మడిచి జేబులో పెట్టి, తన జీవితంలోకెల్లా పొట్టి ఉపన్యాసం ఇచ్చాడు: “నిరుడు నేనూ మా బావా నీడలో కూర్చుని ఒకే పక్షుల్ని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాం. మా రికార్డు ఆరువందల పదకొండు. మీదే పెద్దది.” పొరుగూరి పెద్దమనిషి నవ్వబోయి, ఎందుకో ఆగి, తమ ఊళ్ళో కుర్చీ వేసే చోటు కూడా వాటర్ ట్యాంకు కిందేనని నెమ్మదిగా గుర్తు చేసుకున్నాడు. ఆ తర్వాత ఆయన టీ తాగినంతసేపూ పైకే చూస్తూ తాగాడు.

లైబ్రరీ మేడమ్ రిజిస్టరులో 4,316 మీద స్కేలు పెట్టి గీత కొట్టి, పక్కన కారణం రాసి, మెకానిక్ చేత సంతకం పెట్టించింది. తర్వాత చెయ్యి చాచింది. నిజంగా అంత ఠక్కున అడుగుతుందని ఆయన అనుకోలేదు. గుప్పిట్లో ఒకసారి టిక్కు అంచు తడిమి, ఇచ్చేశాడు.

“మరి ఎవరికివ్వాలి?” అని డాక్టరు నసిగాడు. “నేనూ అనర్హుణ్ణే.”

“నిరుడు ఊరంతటిలో అనుమానపడ్డది ఒక్కరేనండీ,” అంది మేడమ్. సంచిలోంచి సభ్యత్వ ఫారం తీసి, ఫ్లాస్కు దగ్గరున్నావిడ ముందు పెట్టింది.

“ఉపన్యాసాలు వినక్కర్లేదంటేనే,” అంటూ ఆమె సంతకం పెట్టింది.

కుర్చీని ఎండలోకి, ఆకాశం మొత్తం కనిపించే చోటికి మార్చారు. ఇంకెప్పుడూ ఎవరూ అక్కడినుంచి జరపకుండా గుర్తు కావాలన్నాడు మెకానిక్. నలుగురు కలిసి నల్లరాతి ఫలకాన్ని మోసుకొచ్చి, అక్షరాలు కిందికి వచ్చేలా బోర్లా పరిచారు. కుర్చీ నాలుగు కాళ్ళూ దాని మీద చక్కగా నిలిచాయి. రాయి వృథా కాలేదని డాక్టరు రెండుసార్లు అన్నాడు.

భార్య కుర్చీలో, మెకానిక్ ఆమె పక్కన నేల మీద కాళ్ళు చాపుకుని. ఎండ మాడుస్తోంది. సుడి చాలా ఎత్తుకు పోయింది. ఇప్పుడవి మిరియపు గింజలంత. ఉన్నట్టుండి ఒకటి సుడి అంచున ఆగి, రెక్కలు చాచి, పైకప్పు మీదుగా కిందికి జారుతూ దక్షిణానికి సాగింది. ఎడమ రెక్కలో సందు. బుధవారం నుంచి ఇక్కడే తిరుగుతోందన్నమాట, తన పని చక్కబెట్టుకునేదాకా.

“ఒకటి,” అన్నాడాయన. బొటనవేలు ఆయనకు తెలియకుండానే గాలిలో నొక్కుకుంది.

“అది నా మాట. మీరు పక్కవారు,” అంది ఆమె కళ్ళు పైనుంచి తిప్పకుండా. “నేను ‘ఒకటి’ అనాలి, మీరు ‘ఉంది’ అనాలి. ఏదీ, ఎక్కడ? ఆఁ. ఒకటి.”

ఆయన ఇంకోసారి, చివరి ఈక దాకా, చూశాడు.

“ఉంది,” అన్నాడు.

టిక్కు ఒక్కసారే మోగింది.