మల్లెల తెర మీద కనకాంబరాలు

పూర్ణా మార్కెట్ వెనక సందుల్లో పెళ్ళి కుదిరిందంటే పురోహితుడికంటే ముందు సన్యాసమ్మకు కబురు వెళ్ళేది. ముహూర్తం తర్వాతైనా పెట్టుకోవచ్చు, ఆ రోజుకి సన్యాసమ్మ చేతులు ఖాళీగా ఉన్నాయో లేదో ముందు తెలియాలి. విశాఖపట్నంలో పూలజడలు కుట్టేవాళ్ళు ఇంకో పదిమంది లేకపోలేదు. వాళ్ళు మల్లెమొగ్గలు వరసగా కుట్టి, మధ్యలో మూడు చేమంతులు పెట్టి, అయిందనిపించేవాళ్ళు. సన్యాసమ్మకు అలా మనసొప్పదు. నేవీ ఆఫీసరు కూతురి జడ మీద పసుపు చేమంతులతో లంగరు కుట్టింది. మరపడవల యజమాని కూతురికి మరువంతో అలలు, జీలుగుబెండుతో చేపలు. బాసికాలకు అద్దం బిళ్ళలు అతికించింది ఆమే, కొబ్బరిబోండాం మీద ముత్యాల ముగ్గు పెట్టింది ఆమే. ఆమె ఈ నెల చేసింది వచ్చే నెలకు ఊరంతా చేసేది. అందుకు ఆమె అందరినీ తిట్టిపోసేది. తిట్టేటప్పుడు ముఖంలో గర్వం మాత్రం దాగేది కాదు.

పనిలో ఆమెకో పద్ధతి ఉంది. పూలజడను అరటిదొప్ప మీద కుడతారు. సూది పైనుంచి దిగుతుంది, అడుగున ఎడమచేతి ఉంగరపు వేలు దాన్ని కనిపెట్టి పైకి తిప్పాలి. వేలికి తొడుగు పెట్టుకునేది కాదు. మొన తగిలీ తగలకముందే వేలు తప్పుకునేది. "కింద ఏలికి కన్నుండాల. పైనున్న కళ్ళు పూలు సూసుకోడానికే" అని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలకు చెప్పేది.

డెబ్బైతొమ్మిది వానాకాలంలో ఆమె మోచేతి దగ్గర రూపాయి బిళ్ళంత మచ్చ లేచింది. దురద లేదు, నొప్పి లేదు, వట్టి పాలిపోయిన చర్మం. పట్టించుకోలేదు. మాఘమాసంలో ఒక పెళ్ళికూతురి జడ కుడుతుంటే తెల్లమొగ్గ ఒకటి ఎర్రబడింది. అరటిదొప్ప తిప్పి చూస్తే సూది ఆమె వేల్లో సగం దిగి ఉంది. ఎవరి వేల్లోనో దిగినట్టు చూసింది. బయటికి లాగినా తెలియలేదు.

అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ళ పుట్టినూళ్ళో ఆమె మేనమామ పొలిమేర పాకలో పదకొండేళ్ళు బతికాడు. చిన్నప్పుడు అన్నం తీసుకెళ్ళి దూరంగా పెట్టి వచ్చేది ఆమే. ఆ రోగం ఆయన ఒక్కడికే వచ్చింది, శిక్ష మాత్రం ఇంటిల్లిపాదికీ పడింది. ఆ ఇంటి పిల్లలకు వచ్చిన సంబంధాలన్నీ వీధి మలుపు దాకా వచ్చి తిరిగిపోయేవి. "ఆళ్ళ రకతంలో ఉందట" అనే ఒక్కమాట చాలు.

ఇప్పుడు సన్యాసమ్మ ఇంట్లో గౌరీశ్వరి ఉంది. చెల్లెలు పురిట్లో పోతే, మూడురోజుల పసిగుడ్డును తెచ్చి పెంచుకుంది. తనకు వేరే పిల్లలు లేరు. భర్త నీలకంఠం పోర్టులో కలాసీ, ఇంటి సంగతులు పట్టించుకునే రకం కాదు. గౌరీశ్వరికి ఆ నెలలోనే సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు శ్రీరామ్మూర్తి స్టీల్ ప్లాంటు ఆఫీసులో గుమాస్తా. గోదావరి జిల్లా నుంచి వచ్చి గాజువాకలో ఉంటున్నారు. తల్లి భ్రమరాంబ మంచిదే గానీ, మడి, శుభ్రం అంటూ మంచినీళ్ళ గ్లాసు కూడా రెండుసార్లు కడిగిగానీ పుచ్చుకోదు. వైశాఖంలో ముహూర్తం పెట్టారు.

కుష్ఠు సర్వే కోసం ఇల్లిల్లూ తిరిగే కామరాజు ఫాల్గుణంలో ఆ వీధికి వచ్చాడు. సైకిలు మీద ఒక పెద్ద పుస్తకం, ఒంటి మీద స్పర్శ తెలుస్తోందో లేదో చూడడానికి జేబులో కోడి ఈక. సన్యాసమ్మ తలుపేసుకుని లేనట్టే ఉండిపోయింది. కానీ మర్నాడు కుళాయి దగ్గర బిందె ఎత్తుతుంటే అతను ఆమె చేతివంకే చూశాడు. అందరూ వెళ్ళేదాకా ఆగి, మోచేతి లోపలివైపు వేలితో నొక్కి చూశాడు. అక్కడ నరం తాడులా గట్టిపడి ఉంది.

"అప్పా, ఇది మందుకి లొంగే జబ్బు. ఇప్పుడే మొదలెడితే సేతి ఏళ్ళు నిలబడతాయి. ఆగితే ముడుసుకుపోతాయి. అప్పుడింక ఎవులూ ఏటీ సెయ్యలేరు."

మంగళవారం మంగళవారం ఆసుపత్రికి రమ్మన్నాడు. పుస్తకంలో పేరు ఎవరికీ చూపించనన్నాడు. పుస్తకం సంగతి సరే, ఆసుపత్రి ముందు కూర్చునే వరస మాటేమిటి? మార్కెట్‌కి వెళ్ళే దారిలోనే ఉంది. ఆమెను ఎరగనివాళ్ళు ఆ దారిలో ఎవరున్నారు? సన్యాసమ్మ అతనికి చేతులు జోడించింది.

"వైశాఖంలో మా పిల్ల పెళ్ళి బాబూ. అందాకా నన్ను నువ్వు సూడనేదు, నిన్ను నాను సూడనేదు."

కామరాజు ఇంకేదో చెప్పబోతే ఆమె అడ్డుపడి మాట పూర్తి కానివ్వలేదు. ఆమె వినకపోయేసరికి సైకిలు ఎక్కబోయాడు. అప్పుడామె ఒక్కటే అడిగింది, తను కుట్టిన పూల మీంచి పెళ్ళికూతుళ్ళకు అంటుకుంటుందా అని. అంటుకోదని అతను ఖచ్చితంగా చెప్పాడు. ఆమె గుండె కొంత కుదుటపడింది. తక్కిన బరువు అలాగే ఉంది.

ఆ మూడు నెలలూ ఆమె ఎలా నెట్టుకొచ్చిందో దేవుడికే ఎరుక. జడలు ఒప్పుకోవడం తగ్గించింది. అడిగితే ఇంట్లో పెళ్ళి పనులంది. ఒకరోజు వేడి గంజి చేతి మీద ఒలికి తోలు ఊడింది. గౌరీశ్వరి వచ్చి వెన్న రాసి గుడ్డ కట్టింది, ఏమీ అడగలేదు. చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి వంగడం మొదలుపెట్టాయి. వాటిని అరచేత్తో రుద్ది, గుడ్డతో పలకకు కట్టి పడుకునేది. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. ఆ గుట్టు దాచడం కూడా ఆమెకే చేటని చెప్పే దిక్కు లేదు.

అయినా పిల్ల పెళ్ళిలో పూలు ఇంకొకరిచేత కుట్టిస్తుందా? అసలు అప్పటికి రెండేళ్ళుగా మనసులో దాచుకున్న ఆలోచన ఒకటుంది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వధూవరుల మధ్య పట్టే తెర అందరిళ్ళలోనూ ఒక పాత పట్టుబట్టే. గౌరీశ్వరికి తెర మొత్తం మల్లెమొగ్గలతో ఉండాలి. పల్చటి తెల్లబట్ట మీద, సందు లేకుండా, ఒక్కో మొగ్గా కుట్టి. తెర దించితే పూలవాన వెలిసి ముఖం కనబడ్డట్టుండాలి.

ముహూర్తం ఉదయం పదింటికి. సన్యాసమ్మ కోడికూతకు ముందే లాంతరు దగ్గర పెట్టుకుని కుట్టింది. అలవాటుకొద్దీ వేలు బట్ట కింద పెట్టింది. ఆ వేలికి ఇప్పుడు కన్ను లేదన్న సంగతి పని సంబరంలో మరిచిపోయింది. తెల్లారి తెరను వెలుగులోకి పట్టుకుంటే, మల్లెల మధ్యన ఎర్రచుక్కలు. ఒకటి కాదు, రెండు కాదు. ఆ కొస నుంచి ఈ కొస దాకా.

పెళ్ళితెర మీద నెత్తురు. అదీ ఈ చేతి నెత్తురు. విప్పి మళ్ళీ కుట్టే వ్యవధి లేదు. బుట్టలో జడకని తెచ్చిన కనకాంబరాలున్నాయి. ఒక్కో చుక్క మీద ఒక్కో కనకాంబరం కుట్టింది. ఈసారి వేలు చూసుకుంటూ, పళ్ళు బిగబట్టి, చుక్క మిగలకుండా.

పందిట్లో తెర పట్టగానే మాటలు ఆగిపోయాయి. తెల్లటి మల్లెల మీద చెదిరిన కనకాంబరాలు. ఏ వరసకూ అందకుండా, ఎక్కడ పడితే అక్కడ. అదే దాని అందమన్నారు. ఇలాంటి ఆలోచన ఎలా వచ్చిందమ్మా అని భ్రమరాంబ అందరి ముందూ అడిగింది. సన్యాసమ్మ ఎడమచెయ్యి కొంగులో దాచుకుని నవ్వింది. ఆ నవ్వు తెచ్చుకోవడానికి ఎంత కష్టపడిందో ఆ తెర కుట్టడానికి కూడా అంత పడలేదు. ఆ వేసవిలో ఊళ్ళో ఎన్నో పెళ్ళితెరల మీద అవే కనకాంబరాలు కనిపించాయి. పోయినేడైతే అందరినీ తిట్టిపోసేది. ఈసారి నోరెత్తలేదు.

పిల్లను గాజువాక పంపిన మరుసటి మంగళవారమే ఆసుపత్రికి వెళ్ళింది. కామరాజు ఆమె రెండు వేళ్ళూ పట్టుకుని నెమ్మదిగా చాపాలని చూశాడు. చాచుకోలేదు. రోగం మందుకి ఆగుతుంది గానీ ఈ వేళ్ళు ఇంతేనని డాక్టరు చెప్పాడు. ఆమె తల వంచుకుని తెల్లమాత్రలు పుచ్చుకుంది. బయట వరసలో తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. విశాఖపట్నం వాళ్ళంతా తగరపువలస ఆసుపత్రికి వెళతారనీ, అక్కడివాళ్ళు ఇక్కడికి వస్తారనీ కామరాజు అన్నాడు. ఆ మాట ఫాల్గుణంలోనే ఎందుకు చెప్పలేదని ఆమె అడిగితే, మీరు నన్ను మాట్లాడనిచ్చారా అప్పా అన్నాడు. అది నిజమే.

మళ్ళీ మల్లెలు వచ్చేసరికి గౌరీశ్వరికి ఏడో నెల. సీమంతానికి జడ సన్యాసమ్మే కుట్టాలని, ఆ చేతివాటం గాజువాక అమ్మలక్కలంతా చూడాలని భ్రమరాంబ కబురు పెట్టింది. అందరి ముందూ కుట్టడం ఎలాగూ కుదరదు. అందుకని ముందురోజు పగలంతా కూర్చుని, మూడు వేళ్ళతో, ప్రతి కుట్టుకీ అడుగు తిప్పి చూసుకుంటూ ఇంట్లోనే కుట్టింది. తడిగుడ్డ చుట్టి బుట్టలో పెట్టింది. ఒక్క మొగ్గకూ మచ్చ లేదు. చెయ్యి సంగతి అడిగితే జారిపడ్డానని చెప్పాలనుకుంది.

పెరటి గుమ్మంలోంచి వెళ్ళింది. గౌరీశ్వరి ఎదురొచ్చి, తలుపు దగ్గరగా వేసి, అడ్డంగా నిలబడింది. నిండు కడుపు, ముఖం పాలిపోయి ఉంది. లోపల ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి.

"నాకు పెళ్ళికి ముందే తెలుసు పెద్దమ్మా. గంజి ఒలికినా నువ్వు సెయ్యి తియ్యనేదు. అడిగితే ఆసుపత్రికి ఎల్పోతావని, సంబంధం పోద్దని ఊరుకున్నాను."

సన్యాసమ్మ బుట్టను గుమ్మం పక్కన దించింది. ఒకే చూరు కింద ఇద్దరూ ఒకే గుట్టును విడివిడిగా దాచుకున్నారన్నమాట. ఇద్దరిలో ఎవరు నోరు తెరిచినా, కలిసి తగరపువలస బస్సెక్కేవాళ్ళు. పిల్ల పెళ్ళీ నిలబడేది, వేళ్ళూ నిలబడేవి. కోపం రావాలి. రాలేదు. తను పెంచిన పిల్ల, తనలాగే చేసింది.

"పూల మీంచి రాదే అమ్మా. మందు కూడా మింగుతన్నాను. ఆసుపత్రోళ్ళే సెప్పారు."

"నాకు నువ్వు సెప్పావు. మా అత్తకెవులు సెప్తారు? కడుపులో దీనికెవులు సెప్తారు?" గౌరీశ్వరి ఏడుస్తోంది. ఏడుస్తూనే తలుపు మీంచి చెయ్యి తియ్యలేదు. "జొరమని రానేదని సెప్తాను. ఎల్పో పెద్దమ్మా. పూలు కూడా పట్టుకుపో."

సన్యాసమ్మ పట్టుకుపోయింది. వచ్చిన సందులోంచే రోడ్డు మీదికి వచ్చి సిటీ బస్సెక్కింది. బుట్ట ఒళ్ళో పెట్టుకుంది. బస్సంతా మల్లెల వాసన కమ్మేసింది. పక్కన కూర్చున్న ముసలామె తడిగుడ్డ కాస్త తప్పించి జడను చూసి, ఎంత బాగుందో అంది. మనవరాలు జడలో పెట్టుకుంటుంది, కొసనున్న రెండు పూలిమ్మని చెయ్యి చాపింది.

పూల మీంచి రాదని సన్యాసమ్మకు తెలుసు. ఆ ఊళ్ళో అందరికంటే బాగా తెలుసు.

"ముట్టుకోకమ్మా" అని బుట్టను కిటికీ వైపు జరుపుకుంది. "ఇవి పనికిరావు."