పిడిమూర

మా ఇంటి నడవ ఈ పొద్దున ఇంకో జానెడు పెరిగి ఉంది. నిన్నటికి తలవాకిలి నుంచి దొడ్డివాకిలికి ఇరవై ఆరు మూరలు. ఇవాళ ఇరవై ఆరున్నర. పైన దూలాలు కూడా సాగినాయి, చప్పుడు లేకుండా. గోడ మీది బల్లి నిన్నటి చోటే ఉంది, నిన్నటికంటే దూరంగా.

ఇట్లే పెరుగుతూ పోతే దొడ్డివాకిట్లో అడుగుపెట్టింది ఎవరో తలవాకిట్లో కూర్చున్న నాకు తెలీదు. అందుకే రైఫిల్ కొంటున్నాను. అడవిపందుల కోసమని రాసిస్తే లైసెన్సు ఇచ్చినారు. పందుల పేర్లు అడగలేదు. అడిగి ఉంటే మద్దిలేటి అని చెప్పాల్సి వచ్చేది.

మద్దిలేటి నా తమ్ముడు. గోడకు అవతల ఉంటాడు.

పదకొండేండ్ల కింద ఇల్లు పంచుకున్నాం. మా ఊళ్లో పంపకాలకు టేపు పట్టరు. పెద్దోడి మూరతో కొలుస్తారు, చిన్నోడు పక్కన నిలబడి చూస్తాడు. నా సగం కొలిచేటప్పుడు వేళ్లు చాపినాను. వాని సగానికి వచ్చేసరికి పిడికిలి బిగించినాను. అట్లా కొలిస్తే పిడిమూర అంటారు, మూరకు నాలుగు వేళ్లు తక్కువ. మద్దిలేటి చూసినాడు. చూసి నవ్వినాడు.

ఆ నవ్వు కోసమే రైఫిల్.

తుపాకులమ్మే దస్తగిరి సైకిలు వెనక గొట్టాలు కట్టుకొని వస్తాడు, చెరుకుగడలు తెచ్చినట్టు. కట్ట విప్పి అరుగు మీద పరుస్తాడు. పొట్టివి ఒకపక్క, పొడుగువి ఒకపక్క.

"ఇంటికా, అడవికా?"

"ఇంటికి."

"ఇంటికైతే మూరెడు గొట్టం చాలు సుంకన్నా. పొడుగుదైతే నడవలో తిప్పేలోపల గోడకు తగులుకుంటాది."

"నడవ పెరుగుతాంది."

"అట్లయితే రెండు మూరలు." వాడికి ఆశ్చర్యం లేదు. నడవలు పెరిగే ఇండ్లకే వాడు తిరుగుతాడేమో.

"పొట్టిదానికీ పొడుగుదానికీ ఏం తేడా?"

"పొట్టిదైతే వచ్చినోని మొగం కనపడేదాకా ఆగాల. పొడుగుదైతే మొగం చూసే పనుండదు."

పొడుగుదే ఇయ్యమంటాను.

దొడ్డివాకిట్లో నా పెండ్లాం ఈరమ్మ రాగులు చెరుగుతోంది. ఆమె మాట నడవంతా నడిచి నా దగ్గరికి వచ్చేసరికి చల్లబడి ఉంటుంది.

"మరిది ఏం చేసినాడని నీకీ తుపాకి?"

"ఏమీ చేయలేదు. పదకొండేండ్లుగా ఏమీ చేయలేదు. అదే నాకు అనుమానం."

ఆ మాట ఆమెను చేరేదాకా కూర్చుంటాను. జవాబు వస్తుంది.

"ఏమీ చేయనోన్ని కాల్చేకి రెండు మూరలు దేనికి? చాటంత నీ మొగం చూపించు, చాలు."

దస్తగిరి నవ్వు ఆపుకొని సైకిలు గంట తుడుస్తాడు.

గొట్టం కొలుస్తాను. రెండు మూరలు లేదు. చెయ్యి మార్చి మళ్లీ కొలుస్తాను. ఈసారి ఎక్కువ వస్తుంది. మొగం చూస్తే దస్తగిరి కొలతలో మోసం చేసే రకంలాగే ఉంటాడు.

"నన్నెందుకు చూస్తావు? నీ చెయ్యి చూసుకో," అంటాడు.

చూసుకుంటాను. పిడికిలి బిగించి ఉంది. ఇవాళ బిగించింది కాదు. గోళ్లు అరచేతిలోకి దిగి, వాటి మీద చర్మం పెరిగి ఉంది. ఇన్నేండ్లూ ఈ చేత్తోనే తిన్నాను. ఎవరూ చెప్పలేదు.

"లోపల శుభ్రంగా ఉండాదో లేదో వెలుతురుకు పెట్టి చూసుకో," అంటాడు దస్తగిరి. కొత్త గొట్టం కొనేవాళ్లు ఎవరైనా చేసే పనే అది. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను గొట్టానికి ఆనిస్తాను.

లోపల మద్దిలేటి ఇల్లు ఉంది.

నా నడవ ఎక్కడి నుంచి పెరుగుతోందో అప్పుడు తెలుస్తుంది. వాళ్ల పొయ్యి శనగగింజంత. వాని పెండ్లాం కాశమ్మ వంగి సంగటి కెలుకుతోంది. వాడు మోకాళ్లు గడ్డానికి ఆనించుకొని పడుకొని ఉన్నాడు. కాళ్లు చాపితే గొట్టానికి తగులుతాయి.

"అన్నా, కన్ను పక్కకు తీయి," అంటాడు. "వెలుతురు రావడం ల్యాదు."

"ఎప్పుడొస్తావురా నా మీదికి?"

"ఎట్లొచ్చేది? లేచి నిలబడేకే చోటు ల్యాదు."

"ఆ పొద్దు ఎందుకు నవ్వినావు?"

వాడు కాసేపు గుర్తుచేసుకుంటాడు. గొట్టంలో నుంచి పొగ వచ్చి నా కంటికి తగులుతుంది.

"పిడికిలి పట్టేటప్పుడు బొటనవేలు లోపల పెట్టుకుంటివి. చిన్నప్పుడు నా గోలీలు దాచినప్పుడూ అట్లే పెడ్తావుంటివి. అది చూసి నవ్వొచ్చె."

అంతే అంటాడు. వాని మాట నమ్మాలనే ఉంది. గొట్టం పక్కకు తీస్తాను.

"పొడుగు సరిపోయిందా?" అంటాడు దస్తగిరి. వాని అరచేతిలో ఒక తూటా ఉంది. "ఇది పట్టుకో. ఎక్కించి చూడు."

తూటా వద్దని చెప్పడానికైనా, తీసుకోవడానికైనా, నా చెయ్యి విప్పాలి. ముందు బొటనవేలు లాగుతాను. రాదు. చిటికెనవేలు లాగుతాను. లోపలి నుంచి గడియ పడిన చప్పుడు.

పిడికిలి చెవికి ఆనించుకుంటాను. అక్కడ ఒక గది ఉంది, మద్దిలేటికి ఇయ్యకుండా నేను పట్టుకున్నంత గది. అందులో ఎవరో అటూ ఇటూ నడుస్తున్నారు.

"ఎవురది?" లోపలి గొంతు నాదే.

"నేను, సుంకన్నను."

"మా ఇల్లు కొలిచేకి వచ్చినావా?"

జవాబు ఆలోచించేలోపలే రెండు కణుపుల నడుమ నుంచి అగ్గిపుల్లంత గొట్టం బయటికి వస్తుంది. పొట్టిది. ఇంటికి సరిపోయేది. అది నా మొగం కనపడేదాకా ఆగుతుంది.

చెయ్యి దూరంగా చాపుతాను. ఎంత చాపినా పిడిమూరే వస్తోంది.