ఊపిరి బిగబట్టిన ఆటో

నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక సందులో మా వీడియో మిక్సింగ్ సెంటర్ ఉండేది. మా అంటే నాది కాదు, చెన్నయ్య సేటుది. నేను కెమెరా పట్టుకుని గద్వాల నుంచి ఉప్పునుంతల దాకా పెళ్లిళ్లు తీసుకొచ్చేవాణ్ని. లోపలి గదిలో ఆ పెళ్లిళ్లకు పాటలు పెట్టి, పూలు రాల్చి, పిల్లా పిల్లగాడి మొహాలను గుండె బొమ్మలో ఇరికించి సీడీ చేసేవాళ్లు. ఆ గదికి ఒకటే కిటికీ. కంప్యూటర్‌లోకి దుమ్ము పోతుందని సేటు దానికీ ప్లైవుడ్ కొట్టించాడు.

2006 ఎండాకాలంలో ఆ గదిలోకి ఇలియాస్ వచ్చాడు. తెలకపల్లి టైలర్ అబ్దుల్ రహమాన్ కొడుకు. హైదరాబాద్‌లో యానిమేషన్ కోర్సు చదువుతున్నాడు. చివర్లో ఆరునెలలు ఏదైనా టీవీ కంపెనీలోనో, బొమ్మల స్టూడియోలోనో ఇంటర్న్‌షిప్ చేస్తేనే సర్టిఫికెట్ ఇస్తారట. చేర్చుకునేటప్పుడు ఆ చోటు మేమే చూపిస్తామన్నవాళ్లు, తీరా ఆ సమయం వచ్చాక మీరే వెతుక్కోండన్నారు. చదువు అమ్ముకునేవాళ్ల మాట అట్లాగే ఉంటుంది. నేను ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాను కాబట్టి నన్ను మోసం చేయడానికి వాళ్లకు అంత వ్యవధి దొరకలేదు.

ఇలియాస్ స్టూడియోలన్నీ తిరిగాడు. చాలాచోట్ల వాచ్‌మన్‌ను దాటి లోపలికి పోలేదు. పోయినచోట అందరూ ఒకటే అడిగారు: నువ్వు చేసిన బొమ్మల సీడీ ఏది? అది చేయాలంటే కంప్యూటర్ కావాలి. ఇన్‌స్టిట్యూట్‌లో గంట దొరకడమే కష్టం. అందుకని రూము ఖాళీ చేసి ఊరికొచ్చి, మా సేటును పట్టుకున్నాడు. పొద్దంతా పెళ్లిళ్ల మిక్సింగ్ చేయాలి. మధ్యాహ్నం సేటు ఇంటికి పోయి తిని పడుకునే వేళ తన పని చేసుకోవచ్చు. అదీ ఒప్పందం.

ఒకనాడు నన్ను లోపలికి పిలిచాడు.

"హన్మంతన్నా, జర ఇది చూసి చెప్పరాదే."

తెర మీద ఒక షేరింగ్ ఆటో. గద్వాల నుంచి ధరూర్ పోయే రోడ్డు మీద పెళ్లిళ్లకు పోయినప్పుడల్లా నేను చూసే రకం. ఒక్కొక్కరు ఎక్కుతుంటే ఆటో ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటుంది. పత్తి సంచితో ఒక ముసలామె ఎక్కుతుంది. ఆటో కళ్లు, అంటే లైట్లు, బయటికి పొడుచుకొస్తాయి. గుంటలో పడగానే అందరి కాళ్లూ ఒక్కసారి బయటికొచ్చి మళ్లీ లోపలికి పోతాయి. చివరికి ఎవరో తుమ్ముతారు. అంతే, ఆటో మొత్తం ఫట్‌మని విచ్చుకుంటుంది.

నాకు నవ్వు తొందరగా రాదు. ఆ రోజు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

"బాగుందా అన్నా?"

"ముసల్ది మా అత్త లెక్కనే ఉంది. ఏడ చూసినవ్‌రా?"

సేటు కూడా చూసి నవ్వాడు. నవ్వి, కింద మా షాపు పేరు, ఫోన్ నంబరు పెట్టమన్నాడు. పెళ్లి సీడీలకు పెట్టినట్టే, ఎడమ నుంచి కుడికి పరుగెత్తేటట్టు.

"సేటు, స్టూడియోవాళ్లకు పంపేది ఇది. గట్ల పెట్టరు," అన్నాడు ఇలియాస్.

"నా మిషన్ల పుట్టిన పిల్లకు నా ఇంటిపేరే ఉంటది బిడ్డా. అయినా నీకు సెల్లు ఉందా? ఫోన్ చేస్తే యాడికి చేస్తరు?"

అది నిజమే. ఇలియాస్ పెట్టాడు. దరఖాస్తులు రాసి, సీడీలు కట్టి, తెలిసిన స్టూడియోలన్నిటికీ కొరియర్‌లో పంపాడు.

ఇక అక్కణ్నుంచి ఫోన్ మోగితే చాలు, లోపల మౌస్ చప్పుడు ఆగిపోయేది. చేసేది మాత్రం మా గిరాకీలే. ఒకాయన, పెళ్లి సీడీలో తన మేనత్త ఎక్కడా కనబడలేదని కొట్లాటకొచ్చాడు. ఒకామె, పాత కోడలి మొహం తీసేసి కొత్త కోడలి మొహం పెట్టొచ్చా అని అడిగింది. నేను రిసీవర్ పెట్టేయగానే మౌస్ మళ్లీ కదిలేది. ఇన్‌స్టిట్యూట్ పెట్టిన గడువు దగ్గరపడింది. అప్పటికి ఇంటర్న్‌షిప్ దొరికిందని ఉత్తరం తేకపోతే చదివిన చదువంతా గంగపాలు. పిల్లగాడు సరిగా తినడం మానేశాడు.

ఒక శుక్రవారం ఇలియాస్ నమాజుకు పోయాడు. ఫోన్ నేనే ఎత్తాను.

"హైదరాబాద్ నుంచి. ఆటో బొమ్మ చేసింది మీ దగ్గరేనా?"

"ఇక్కడే సార్. పిల్లగాడు మసీదుకు పోయిండు, జర ఆగుండ్రి, ఇప్పుడే..."

తిండికి ఇంటికి బయల్దేరబోతున్న సేటు నా చేతిలోంచి రిసీవర్ లాక్కున్నాడు. మా ఫోన్‌లో అవతలి గొంతు పక్కింటిదాకా వినబడుతుంది.

"చెప్పండి సార్, ఓనర్‌ను మాట్లాడుతున్న."

"చాలా బాగుందండి. ఒక్కడే చేశాడా?"

"ఒక్కడేంది సార్, మాది పెద్ద యూనిట్."

నేను చుట్టూ చూశాను. పెద్ద యూనిట్‌లో నేనున్నాను, కాలు విరిగిన లైట్ స్టాండ్ ఉంది.

"మా స్టూడియోలో ఇంటర్న్‌షిప్ కావాలని రాశాడు."

"చిన్న పిల్లగాడు సార్, ఏదో రాసిండు. ఆడు ఇక్కణ్నే ఉంటడు, ఏడికి పోతడు? మీరు పనే ఇక్కడికి పంపుండ్రి. సిటీ రేటు కాదు, నా రేటుకు చేసిస్త."

అవతలివాడు రేటెంతని అడిగాడు. ఆ తర్వాత బేరం నడిచింది. ఇలియాస్ టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ వచ్చేసరికి అంతా అయిపోయింది.

"అరే ఇలియాస్, మిఠాయి తినిపియ్! నీ ఇంటర్న్‌షిప్ వచ్చింది."

పిల్లగాడి మొహం ఒక్కసారి వెలిగింది. "ఎక్కడ సేటు? ఏ స్టూడియో?"

"గా కుర్చీలనే," అని సేటు లోపలి గది చూపించాడు. "పిల్లల సీరియల్ అంట, టీవీల వస్తదంట. బొమ్మలు ఆళ్లు గీసి పంపిస్తరు. నువ్వు గీతలు సాఫ్ చేసి, రంగులు నింపి పంపాలె. ఉత్తరం నేనిస్త. హైదరాబాద్ల రూమేడ, బువ్వేడ, గా పరేషాన్ అంత ఎందుకు నీకు?"

ఇలియాస్ నా వైపు చూశాడు. నేను కెమెరా బ్యాటరీ తుడుస్తూ కూచున్నాను.

ఆదివారం అబ్దుల్ రహమాన్ తెలకపల్లి నుంచి వచ్చాడు. సేటుకు తనే కుట్టిన చొక్కా తెచ్చాడు. సేటు చేతులు రెండూ పట్టుకుని తన కళ్లకద్దుకున్నాడు.

"పొద్దున వచ్చి మాపటికి ఇల్లు చేరే కొలువు ఇప్పిస్తిరి సేటు. మా ఇంట్ల వీని తల్లి రోజూ దువా చేస్తుంది మీ కోసం." కొడుకు వైపు తిరిగాడు. "ఇంకేం గావాలె బేటా నీకు?"

"కొలువు కాదు అబ్బా. ఆడికి పోతే నేర్చుకుంటుంటి. ఇక్కడ నాకు చెప్పేటోళ్లు ఎవరున్నరు?"

"నీకే అన్నీ వస్తయంట గదా, సేటే అంటుండు."

పిల్లగాణ్ని మెచ్చుకునే వాడి నోరు మూసేశారు.

మర్నాడు సాయంత్రం నేనే ఇలియాస్‌తో అన్నాను, "మన ఫోన్ల ఆ స్టూడియో నంబర్ పడ్డది. నీ నోటితోని నువ్వడుగు." ఇద్దరం బస్టాండు ముందు కాయిన్ ఫోన్ దగ్గరికి పోయాం. వాడు మాట్లాడుతుంటే నేను రూపాయి బిళ్లలు వేస్తూ నిలబడ్డాను.

"సార్, నేను ఆటో బొమ్మ చేసిన ఇలియాస్ సార్. నేనొక్కన్నే చేసిన సార్." కొంచెం ఆగాడు. "అక్కడికే వస్త సార్. జీతం వద్దు."

అవతల ఏమన్నారో, చెమట తుడుచుకున్నాడు.

"కుర్చీ లేకున్నా సరే సార్. నిలబడి చూస్త. వెనక నుంచి చూస్త సార్, ఊకెనే." మళ్లీ ఆగాడు. "లేదు సార్, సేటు మంచోడే." ఇంకోసారి ఆగాడు. "సరే సార్."

ఫోన్ పెట్టేశాడు. నా చేతిలో ఇంకా బిళ్లలున్నాయి.

"ఏమన్నడు?"

"నవ్విండన్నా. ఇక్కడ మెట్ల మీద కూసొని ఎదురుచూసేటోళ్లు ఎంతమందో, నీకు కంప్యూటరే ఇంటికాడికొచ్చింది, అదృష్టవంతునివి అన్నడు. నువ్వొస్తే గీ పని మాకు ఎవరు చేసిపెడతరు గా రేటుకు, అన్నడు."

"ఆటో గురించి?"

"బాగుందన్నడు. గసొంటివి ఇప్పుడేం వద్దు, పంపిన గీతల మీద గీత గియ్యి చాలన్నడు."

ఉత్తరం సంగతి మరీ వింత. సేటుకు ఇంగ్లీషు రాదు. ఇలియాస్ గురించి ఇలియాసే టైపు చేసుకున్నాడు: శ్రద్ధగా పనిచేస్తాడు, మర్యాద కలవాడు, ఈ సంస్థలో శిక్షణ పొందుతున్నాడు. ఒకచోట ఆగాడు.

"సేటు, ఎప్పటిదాంక అని రాయాలె?"

"ఏంది?"

"ట్రైనింగ్ ఎప్పుడు అయిపోతది అని."

"అది ఇడ్సిపెట్టు. మల్ల చూద్దాం."

"రాయకుంటే ఒప్పుకోరు సేటు."

"అయితే ఇంకా నడుస్తుందని రాయి. సర్టిఫికెట్ వస్తది గదా, సర్టిఫికెట్ వస్తే మాత్రం ఏడికి పోతవ్?" సేటు నవ్వి, ముద్ర కొట్టి, సంతకం పెట్టాడు. కోపంగా కాదు, ప్రేమగానే అన్నాడు. అందుకే దానికి ఎదురుచెప్పడం కష్టం.

ఇన్‌స్టిట్యూట్ ఆ ఉత్తరాన్ని ఏ ప్రశ్నా లేకుండా తీసుకుంది.

మొదటి పని హైదరాబాద్ బస్సులో వచ్చింది. స్టూడియోవాళ్లు కండక్టర్‌కు ఇచ్చి పంపారు. సీడీల కట్ట, పైన మా షాపు పేరు. తెచ్చుకోవడానికి నా బండి మీద ఇలియాస్, నేను పోయాం. వాడు బస్సెక్కి కండక్టర్ దగ్గర పొట్లం తీసుకుని, మెట్టు మీదే నిలబడిపోయాడు. బస్సు మళ్లీ హైదరాబాదే పోతుంది. డ్రైవర్ టీ తాగి వచ్చి కూచున్నాడు. జనం ఎక్కుతున్నారు, వాణ్ని తోసుకుంటూ.

"ఏయ్ తమ్మీ, ఎక్కితే ఎక్కు, దిగితే దిగు. తొవ్వకు అడ్డం నిలబడ్డవేంది?" కండక్టర్ అరిచాడు.

నేను బండి స్టాండ్ వేసి దగ్గరికి పోయాను.

"ఎక్కురా," అన్నాను. "సేటుకు నేను చెప్పుకుంట. సీడీలు నాకియ్యి, నువ్వు పో."

వాడు పొట్లం రెండు వైపులా తిప్పి చూశాడు. ఒకవైపు స్టూడియో అడ్రసు ఉంది, ఇంకోవైపు మాది.

"ఏడికి పోవాలె అన్నా? నేను పోదామనుకున్నకాడి నుంచే వచ్చింది ఇది. ఆడికి పోతే మల్ల ఇదే చేతుల పెట్టి ఇదే బస్సెక్కిస్తరు."

దిగాడు. బస్సు పొగ వదులుతూ వెనక్కి తిరిగి, కల్వకుర్తి రోడ్డెక్కింది. ఇలియాస్ దాన్ని చూడలేదు. నా వెనక కూచుని పొట్లం ఒళ్లో పెట్టుకున్నాడు. సందులోకి తిరిగేచోట గుంటలున్నాయి.

"జర మెల్లగ పోనియ్యన్నా," అన్నాడు. "సీడీలు పగుల్తయ్."