సేటు దుకాణం ముందరి బండ

గౌలిపురలో ఆ గల్లీ వాననీళ్లన్నీ ఆగమ్మ ఇంటి మీదికే వస్తాయి. రాక చస్తాయా మరి! పై నుంచి ప్రతి మిద్దె, ప్రతి రేకుల కప్పు గల్లీలోకే గుమ్మరిస్తుంది. చుక్క ఇంకడానికి పిడికెడు మట్టి లేదు, అంతా సిమెంటే. పైగా సిమెంటు మీద సిమెంటు పోసి రోడ్డును ఆమె గడపతో సమానం చేశారు.

ఆ మధ్యాహ్నం వాన దంచికొడుతోంది. ఆగమ్మ గడపకు అడ్డంగా మూడు వరసల ఇటుకలు పేర్చింది. నీళ్లు మూడో వరస ఎక్కేశాయి. లోపల బాలింత కూతురు బేబీ, ఆమె పన్నెండు రోజుల పసిగుడ్డు.

పక్కింటి వైకుంఠం గడ్డపారతో డ్రైనేజీ మూత లేపబోయాడు. వానొస్తే ఈ గల్లీవాళ్లు చేసే తెలివితక్కువ పని అదే. ఆగమ్మ పోయి మూత మీద నిలబడింది.

"లేపినవంటే చూడు! ఇది పాయఖానా నీళ్లది. వాననీళ్లు సొస్తే నిండిపోయి మా ఇంట్లకే ఎగదన్నుతది. బాలింత ఉన్నది లోపల!"

"మరి నీళ్లు యాడికి పోవాలె అక్కా?"

"వాననీళ్లకు వేరే మోరీ ఉన్నది. గా సేటు మెట్టు కింద."

ముప్పై ఏళ్లు మున్సిపాలిటీలో ఊడ్చిన మనిషి, ఆమెకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? ఎదురుగా కిరాణా దుకాణం పురుషోత్తం సేటు, దోమలొస్తున్నాయని మోరీ జాలీ మీద షాబాదు బండ పరిచి మెట్టు చేసుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పినా "చూద్దాంలే" అనేవాడు.

ఆగమ్మ గడ్డపార లాక్కుని పిక్కల్లోతు నీళ్లలో గల్లీ దాటింది.

"ఏయ్ ఆగమ్మా, ఏంది గది? పాగల్ అయినవా? నా మెట్టు!" అని సేటు అరిచాడు.

"నీ మెట్టు పాడుగాను! నీళ్లు దిగకపోతే కొత్తది నేనేయిస్త. దిగినయా, ఈ బండ మల్ల ఈడ కనపడొద్దు!"

గడ్డపార సందులో దిగింది. ఆగమ్మ, వైకుంఠం ఎంత ఊపినా బండ కదల్లేదు. ఇంతలో ఎదురింట్లోంచి పసిదాని ఏడుపు వినిపించింది. ఏమనిపించిందో ఏమో, సేటు ప్యాంటు మడిచి నీళ్లలో దిగి తనూ చెయ్యేశాడు.

"జోర్ లగావో!"

బండ లేచింది. జాలీకి పట్టిన కవర్ల ముద్దను ఆగమ్మ చేత్తోనే పీకి పారేసింది. అంతే! గుడగుడమంటూ గల్లీ నీళ్లన్నీ అటు తిరిగాయి. గడప దగ్గర ఒక ఇటుక వరస తేలింది, తర్వాత రెండోది, మూడోది. మిద్దెల మీద నుంచి ఒకటే ఈలలు, చప్పట్లు. ఆగమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గల్లీ ఆమె మాట వినడం ఇదే మొదటిసారి.

"బండ యాడ పెట్టమంటవ్ అక్కా?" అడిగాడు పురుషోత్తం సేటు.

"నీ ఇష్టం తమ్మీ, మోరీ మీద తప్ప!"