దొర తరఫున ఒక మాట

మా అన్నయ్యకు దేవుడి గురించి తెలియని విషయం లేదు, కుక్కల గురించి తెలిసిన విషయం లేదు. నా సంగతి సరిగ్గా దానికి తలకిందులు. ఆయన ప్రార్థనాలయానికి పెద్ద. నేను అక్కడికి రెండు వీధుల అవతల పశువుల డాక్టర్ని. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టకుండా ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాం. ప్రార్థనాలయం వాచ్‌మన్ తన కుక్కను దుప్పట్లో చుట్టుకుని నా ఆసుపత్రికి వచ్చిన మధ్యాహ్నంతో ఆ ఒప్పందం కాస్తా చెడింది.

కుక్క పేరు దొర. పేరుకు తగ్గట్టు పద్నాలుగేళ్లు దర్జాగానే బతికింది. ఇప్పుడు కిడ్నీలు రెండూ పాడైపోయాయి. తాగిన నీళ్లు కూడా కక్కేస్తోంది, ఒళ్లు ముట్టుకుంటే మూలుగుతోంది. బల్ల మీద పడుకోబెట్టి చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"ఇక మందుల్లేవండీ. నొప్పి తెలియకుండా పంపించే ఇంజెక్షన్ ఒక్కటే ఉంది. ఆలస్యం చేసినకొద్దీ దానికే బాధ."

వాచ్‌మన్ దాని చెవి నిమిరాడు. "అలాగే చేయండి డాక్టరమ్మా. కానీ ముందు అయ్యగారిని పిలిపించండి. వీడికి సెలవు మాట చెప్పించాలి."

మావాళ్లలో మనిషి కన్నుమూసేముందు చెప్పించేదే సెలవు మాట. పోయేవాళ్లు ఉండేవాళ్లను క్షమించమంటారు, ఉండేవాళ్లు పోయేవాళ్లను క్షమించమంటారు. రెండు వైపుల నుంచీ 'క్షమించాను' అన్న మాట పైకి వినపడాలి. వినపడకపోతే మిగిలినవాళ్లు ఆ బరువు బతికినన్నాళ్లూ మోయాల్సిందే. కుక్కకు చెప్పించిన మనిషిని మాత్రం నేను కనీ వినీ ఎరగను.

ఫోన్ చేస్తే అన్నయ్య కూడా అదే అన్నాడు.

"కుక్కకా? నీ హాస్యానికి వేళాపాళా ఉండదా?"

"హాస్యం కాదన్నయ్యా. అది చెప్పించందే సూది వేయొద్దంటున్నాడు. ఇక్కడ ఆ ప్రాణి నరకం చూస్తోంది. వస్తావా, రావా?"

పది నిమిషాల్లో వచ్చాడు, చంకలో పుస్తకంతో సహా. వచ్చినవాడు స్టూలు మీద కూర్చుని పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. ఇల్లంటుకున్నా నీళ్ల గురించి పుస్తకంలో ఏముందో చూసుకునే రకం మా అన్నయ్య. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"జంతువుకు పాపం అంటదు," అన్నాడు చివరికి. "పాపమే లేనప్పుడు క్షమాపణ దేనికి బాబాయ్?"

"పాపం వాడిది కాదు అయ్యగారూ. నాది."

ఆయన ఏ పాపం గురించి చెబుతున్నాడో నాకు తెలుసు. పదకొండేళ్ల క్రితం దొర ముందు కాలు విరిగితే కట్టు కట్టింది నేనే. తలుపుకు అడ్డం వేసే కర్రతో కొట్టానని తనే ఒప్పుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కాలు వంకరగానే అతుక్కుంది. నోరులేని జీవాన్ని కొట్టేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఆనాటి నుంచి ఆయనతో వైద్యం మాటలు తప్ప రెండో మాట మాట్లాడలేదు. ఆ మంట ఆరిపోకుండా భద్రంగా చూసుకున్నాను కూడా.

అన్నయ్య పుస్తకం మూశాడు. "కుక్కకు చెప్పమని ఇందులో లేదు. చెప్పొద్దనీ లేదు."

"రాసింది మనుషులేగా. తమ సంగతే రాసుకుని ఉంటారు," అన్నాను.

మామూలుగా అయితే ఆ మాటకు పోట్లాటే. ఈసారి "అయ్యుండొచ్చు" అన్నాడు. నేను బిత్తరపోయాను. ఆయన లేచి బల్ల దగ్గరికి వచ్చి, జీవితంలో మొదటిసారి ఒక కుక్కను పరీక్షగా చూశాడు.

"నేనెవరో దీనికి తెలుస్తుందా?"

"నీ వాసన తెలుస్తుంది."

భయంభయంగా చెయ్యి ముందుకు పెట్టాడు. దొర వాసన చూసి కళ్లు మూసుకుంది.

"ముందు పోయేవాళ్లు అడగాలి," అన్నాడు అన్నయ్య. "నోట మాట రానివాళ్ల తరఫున ఎరిగినవాళ్లు అడగొచ్చు. నువ్వడుగు."

"నేనా? నాకు దేవుడితో పనిలేదని నీకు తెలీదా?"

"కుక్కతో ఉందిగా?"

సిగ్గేసింది. అయినా మొదలుపెట్టాను. "నీ చెప్పులు కొరికాను..."

"ఏడు జతలు," అన్నాడు వాచ్‌మన్.

"ఏడు జతలు కొరికాను. పోస్ట్‌మన్ పంట్లాం చింపి నీకు చీవాట్లు పెట్టించాను. నన్ను క్షమించు."

వాచ్‌మన్ నవ్వాడు. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. "క్షమించాన్రా నాయనా."

తర్వాత ఆయన వంతు. దొర చెవి దగ్గరికి వంగాడు. "ఆ రోజు నిండు సభలోకి బురద కాళ్లతో వచ్చావు. నాకోసం వెతుక్కుంటూ వచ్చావురా. ఇది ప్రార్థనాలయమా, పశువుల కొట్టమా అని అందరి ముందూ నన్ను గద్దించారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషమంతా నీ మీద తీర్చుకున్నాను. నన్ను క్షమించు."

అన్నయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఆ మాట అన్నది నేనే," అన్నాడు. తెల్లబట్టలకు మరక అంటకుండా నడిచే మనిషి, మందు నీళ్లు ఒలికిన నేల మీద మోకాళ్లూనాడు. "నన్ను కూడా క్షమించు."

ఇద్దరూ నావైపు చూశారు. జవాబు కూడా దాని తరఫున నేనే చెప్పాలి.

అబద్ధమాడటం నాకు చేతకానిది కాదు, పెంపుడు జంతువుల వాళ్లకు రోజుకు నాలుగు చెబుతాను. కానీ చావబోయే కుక్క పేరు చెప్పి ఎలా ఆడను? నేను క్షమించలేదు. మరి అది? పదకొండేళ్లలో ఈ ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదే అని ఆశ్చర్యం వేసింది.

దొరను చూశాను. దెబ్బ కొట్టిన చెయ్యి దగ్గరికొస్తే ఏ జంతువైనా ఒళ్లు ముడుచుకుంటుంది. ఎన్నో వందల జంతువుల్లో చూశాను. దొర మాత్రం తన వంకర కాలును వాచ్‌మన్ చేతి మీదే ఆనించి పడుకుంది. ఎప్పుడూ అంతే. దీనికి సిగ్గూ బుద్ధీ లేవని విసుక్కునేదాన్ని. అన్నేళ్లూ నేను దాని కోపం అనుకుని మోసింది వట్టి నా కోపం.

"క్షమించాను," అన్నాను.

"ఇది చెల్లుతుందా అయ్యగారూ?" అన్నాడు వాచ్‌మన్.

"తెలీదు బాబాయ్," అన్నాడు అన్నయ్య. "చెల్లితే బాగుండు. నాదీ ఇందులోనే ఉంది."

సూది వేశాను. దొర ఊపిరి నెమ్మదించి, ఆగిపోయింది. వాచ్‌మన్ దుప్పటి సర్దుతూ, తలెత్తకుండానే అడిగాడు.

"ఇందాక చెప్పింది వాడి మాటేనా డాక్టరమ్మా, మీది కూడానా?"

"మా ఇద్దరిదీ బాబాయ్," అన్నాను.