అత్తయ్య బుట్ట

ఆదివారం టిఫిన్లు కాగానే కోడలు నడుం బిగించి పాత కంప్యూటర్ ముందు కూర్చుంది. దానికి పదకొండేళ్లు. ఆన్ చేస్తే అది తెరుచుకునేలోపు బట్టలన్నీ ఆరేసి రావచ్చు. పక్కనే కొత్తది, రెండింటినీ కలుపుతూ ఒక వైరు.

ఆమెది గ్రంథాలయంలో ఉద్యోగం. ఏ పుస్తకం ఏ అరలో ఉండాలో తేల్చి, నంబరు వేసి పంపుతుంది. ఇంట్లో మందుల డబ్బాలకు కూడా చీటీలు అంటించే మనిషి. కాబట్టి ఈ పని ఎవరికీ అప్పగించలేదు. భర్త ఫోటోలు, కూతురి పాఠాలు, డాక్టరు రిపోర్టులు వరసగా కొత్తదాంట్లోకి పంపింది. ఒకే ఫోటో నాలుగుచోట్ల ఉంటే మూడు తీసిపారేసింది. చివరికి, తీసేసినవన్నీ చేరే చెత్తబుట్ట బొమ్మ మీద కన్ను పడింది. అందులో రెండువందల పైచిలుకు ఫైళ్లు ఉన్నాయి. ఇల్లు మారేటప్పుడు ఊడ్చిన దుమ్ము మూటగట్టుకుపోతామా ఏమిటి అనుకుంది. నిజంగానే తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది. తీసేయమంది.

మధ్యాహ్నం తండ్రీ కూతుళ్లు సైకిల్ కొనడానికి వెళ్లారు. సరిగ్గా రెండింటికి అత్తయ్య కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చింది. ముప్పై ఆరేళ్లు ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. రోజూ ఇల్లు ఖాళీ అయ్యాక ఓ రెండు గంటలు కంప్యూటర్ ముందు గడుపుతుంది. పేకాట ఆడుకుంటుందని అందరి నమ్మకం. ఆమె ఏనాడూ కాదనలేదు.

“ఈ కొత్తదాంట్లో చెత్తబుట్ట ఎక్కడుందమ్మాయ్?”

కోడలు చూపించింది. అత్తయ్య దాన్ని తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది.

“ఏమీ లేదే.”

“ఖాళీ చేశానత్తయ్యా. కొత్తదానికి పాత చెత్తెందుకని.”

“అంతేలే,” అని ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది.

కాసేపటికి అక్కణ్ణుంచి గిన్నెల చప్పుడు. పొద్దున తోమి బోర్లించినవే మళ్లీ తోముతోంది. పధ్నాలుగేళ్ల కాపురంలో ఆ చప్పుడికి అర్థం కోడలికి బాగా తెలుసు. వెళ్లి కుళాయి కట్టేసి, ఏమైందో చెప్పేదాకా కదలనంది.

అడగ్గా అడగ్గా బయటపడింది. తన చేతుల్లో పుట్టిన పిల్లల గురించి అత్తయ్య రాసుకుంటోంది, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. ఏడవనని మొరాయించినవాడు, పుడుతూనే తుమ్మిన పిల్ల, ఏడ్చే అదృష్టమే లేని ఒకరిద్దరు. మూడేళ్ల కిందట మొదటి పేజీ కొడుకు కంటపడితే భోజనాల దగ్గర గొంతు మార్చి చదివాడు. అందరూ పడీపడీ నవ్వారు. అప్పట్నుంచీ రాసింది రాసినట్టు చెత్తబుట్టలో వేయడం, మర్నాడు బయటికి తీసి నాలుగు ముక్కలు చేర్చి మళ్లీ అందులోనే వేయడం.

“ఈ ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటేనమ్మా.”

ఆనాడు నవ్వినవాళ్లలో తనూ ఉందని కోడలికి గుర్తొచ్చింది. ఏం చెప్పినా సాకులాగే ఉంటుంది. పాత కంప్యూటర్ ఆపి, దుప్పట్లో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెకానిక్ ఇంటికి బయల్దేరింది.

సెలవురోజు తలుపు కొట్టినందుకు అతను మొహం మాడ్చుకున్నాడు గానీ సంగతి విని మెత్తబడ్డాడు. తీసేశాక దీంట్లో కొత్తగా ఏమైనా పెట్టారా అని అడిగాడు. లేదంది.

“అయితే గుమ్మం మీద పేరు పీకేశారంతే. వేరేవాళ్లు దిగలేదు కాబట్టి సామాన్లు లోపలే ఉండాలి. ఒట్టు మాత్రం వెయ్యను.”

మూడు రోజులు ఇంట్లో అత్తాకోడళ్లు ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డారు. నాలుగోనాడు నూట తొంభై ఏడు పేజీలు తిరిగొచ్చాయి. పదిహేడు పోయాయి. వచ్చినవాటికీ పేర్లు లేవు, వట్టి నంబర్లే. పేర్లు మార్చడం అత్తయ్యకు రాదు. కోడలు సెలవు పెట్టింది.

“తెరిస్తేగానీ ఏది ఎవరిదో తెలీదు. తెరిస్తే నువ్వు చదువుతావు,” అంది అత్తయ్య.

“ఇరవయ్యేళ్లుగా పుస్తకాలు సర్దుతున్నాను. ఒక్కటైనా చదివిన పాపాన పోయానా అత్తయ్యా?”

అత్తయ్యకు నవ్వాగలేదు.

కోడలు ఒక్కో పేజీ తెరిచి కిటికీ వైపు తిరిగేది. అత్తయ్య చూసుకుని, మూసేసి, పేరు చెప్పేది. తుమ్ముల పిల్ల. పోలీసాయన కవలలు. లిఫ్టులో పుట్టినవాడు. కోడలు టైపు కొట్టేది. ఒక పేజీ దగ్గర మాత్రం వెనకనుంచి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టిన చప్పుడైంది. కోడలు తల తిప్పలేదు.

“దీనికి పేరు వద్దులే. నంబరే ఉండనీ,” అంది అత్తయ్య చివరికి.

అన్నీ అయ్యాక ఈసారి తాళం పెట్టుకోమని కోడలు చెప్పి చూసింది. తాళం కనిపిస్తే లోపలేముందోనని అందరికీ ఆరాటమే అని అత్తయ్య ఒప్పుకోలేదు. నూట తొంభై ఏడు పేజీలూ కొత్త కంప్యూటర్ చెత్తబుట్టలోకే వెళ్లాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు, ఇకమీదట చెత్తబుట్ట ఖాళీ చేసే పని తనదేనని, ఇంకెవరూ దాని జోలికి పోవద్దని చెప్పింది.

“చెత్తకి కూడా కాపలానా?” అన్నాడు భర్త.

“ఆ, కాపలానే.”

అత్తయ్య తల వంచుకుని మజ్జిగ కలుపుకుంది.

మర్నాడు సాయంత్రం కోడలు పనినుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది. దేన్నీ తెరవలేదు. లెక్క మాత్రం చూసుకుంది. నూట తొంభై ఎనిమిది.